ఒడ్డున చెట్లు పోతే వాగులో పురుగులు పెరుగుతాయా, తగ్గుతాయా?

ఈ విషయం మీద రెండు వార్తలు పక్కపక్కన చదివితే తికమక తప్పదు. ఒకదానిలో, ఒడ్డున చెట్లు కొట్టేశాక వాగులో పురుగుల సంఖ్య పెరిగిందని ఉంటుంది. ఇంకోదానిలో, చెట్లు పోయాక వాగు దెబ్బతిందని, దానికి సాక్ష్యం అదే పురుగులని ఉంటుంది. ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనిపిస్తుంది, కానీ చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఒకే వాగులో ఒకే రోజు పట్టిన పురుగుల గురించి కూడా ఈ రెండు మాటలూ నిజం కావచ్చు. ఏం లెక్కపెట్టారన్న దాంట్లోనే అసలు తేడా ఉంది. అది అర్థం కావాలంటే ముందు వాగులో ఏం జరుగుతుందో చూడాలి.

ఏ వాగు, ఏ పురుగులు, ఏ అడవి

చిన్న వాగు అంటే ఇక్కడ కొండల పై భాగంలోనో, ఊటల దగ్గరో మొదలయ్యే ప్రవాహాలు. ఇంకే పాయా కలవని ప్రవాహాన్ని మొదటి తరగతి వాగు అంటారు, అలాంటివి రెండు కలిస్తే రెండో తరగతి, రెండో తరగతివి రెండు కలిస్తే మూడోది. మామూలుగా మూడో తరగతి వరకు చిన్న వాగుల కిందే లెక్క. మ్యాపుల్లో సరిగ్గా కనపడవు కానీ, ఒక నదికి నీళ్లు తెచ్చే పాయలన్నిటి పొడవూ కలిపితే అందులో సగానికి పైగా ఇవే ఉంటాయి.

పురుగులు అని నేను వాడుకగా అంటున్నవి వెన్నెముక లేని నీటి జీవులు, అదీ కంటికి కనపడేవి. సాధారణంగా అర మిల్లీమీటరు కన్నులున్న వలలో చిక్కేవాటిని లెక్కలోకి తీసుకుంటారు. మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై, తూనీగ, కుట్టని చిన్న దోమలైన మిడ్జ్‌లు, వీటన్నిటి పిల్లదశలు నీటిలోనే గడుస్తాయి. వీటితో పాటు నత్తలు, పీతలు, రొయ్యలు, నీటిలో బతికే అసలు సిసలు పురుగులైన ఎర్రలు కూడా.

ఒడ్డు అడవి స్థితి అన్న మాటను మాత్రం కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే గందరగోళం సగం ఇక్కడే పుడుతుంది. చెట్లు ఉన్నాయా లేవా అన్నదొక్కటే స్థితి కాదు. అవి ఏ జాతివి, ఎంత ముదురువి, కొమ్మలు వాగు మీద కలుసుకుంటున్నాయా, ఒడ్డు నుంచి ఎంత లోపలి వరకు ఉన్నాయి, వాగు పొడవునా ఉన్నాయా లేక మధ్యమధ్య ఖాళీలున్నాయా, కూలిన మానులు నీళ్లలో ఉన్నాయా లేక ఎత్తుకుపోయారా, ఇదంతా స్థితిలోకే వస్తుంది. పై నుంచి తీసిన ఫొటోలో పచ్చగా కనపడే రెండు ఒడ్లు పురుగుల దృష్టిలో పూర్తిగా వేరు వేరు ఇళ్లు కావచ్చు.

వాగుకు తిండి బయటి నుంచే వస్తుంది

చెరువులో తిండి గొలుసు నాచుతో, నీటి మొక్కలతో మొదలవుతుందని బడిలో చదువుకుంటాం. దట్టమైన నీడలో పారే చిన్న వాగుకు ఆ లెక్క సరిపోదు. ఎండ అందదు కాబట్టి నాచు పెద్దగా పెరగదు. మరి ఇన్ని జీవులు ఏం తిని బతుకుతాయి?

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని బేర్ బ్రూక్ అనే అడవి వాగులో ఫిషర్, లైకెన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ జమాఖర్చు మొత్తం కట్టి 1973లో ప్రచురించారు. ఆ వాగులోకి చేరే శక్తిలో 99 శాతానికి పైగా చుట్టూ ఉన్న అడవి నుంచే, అంటే ఆకులు, పుల్లలు, నేలలోంచి కరిగి వచ్చే సేంద్రియ పదార్థం రూపంలోనే వస్తోందని తేలింది. వాగు తనంతట తాను తయారు చేసుకునేది ఒక శాతం కూడా లేదు.

రాలిన ఆకు వెంటనే తిండి అయిపోదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో అందులో కరిగేవి నీళ్లలోకి దిగిపోతాయి. తర్వాత శిలీంధ్రాలు, బాక్టీరియా ఆకును పట్టుకుని మెత్తబరుస్తాయి. శిలీంధ్రం పట్టిన ఆకులో నత్రజని పాలు పెరుగుతుంది, పురుగుకు బలం వచ్చేది చాలావరకు అక్కడి నుంచే. అప్పుడు ఆకులు చించేవి వస్తాయి, స్టోన్‌ఫ్లైల్లో కొన్ని, ఆకుముక్కలతో గూడు కట్టుకునే క్యాడిస్‌ఫ్లైలు ఈ రకం. వాటి నోటి నుంచి జారిన తునకల్నీ, వాటి మలాన్నీ అడుగున ఏరుకుని తినేవి కొన్ని, ప్రవాహంలో కొట్టుకొచ్చేదాన్ని వల అల్లి వడగట్టుకునేవి కొన్ని. రాళ్ల మీది పాచిని గీకి తినేవి ఇంకో జట్టు. వీటన్నిటినీ వేటాడేవి మరో జట్టు. 1970ల్లో కెన్నెత్ కమిన్స్ ఇలా తిండి తీరును బట్టి జట్లు కట్టడం మొదలుపెట్టాక, జాతి పేరు తెలియకపోయినా వాగులో ఏ పని నడుస్తోందో, ఏది ఆగిపోయిందో చెప్పడం వీలైంది.

ఆకులు నిజంగా అంత ముఖ్యమా అన్న అనుమానాన్ని తీర్చింది నార్త్ కరొలైనాలోని కోవీటా పరిశోధన అడవిలో జరిగిన ప్రయోగం. వాలస్, ఆయన సహచరులు 1993లో ఒక చిన్న వాగు మీద పందిరిలా వల కప్పి, పక్కల నుంచి దొర్లి వచ్చే ఆకుల్ని కూడా ఆపేశారు. చెట్లు అలాగే ఉన్నాయి, నీడా ఉంది, నీళ్లూ అవే, ఆకులు మాత్రం రావు. మూడేళ్ల ఫలితాలు 1997లో వచ్చాయి. ఆకులు తినేవే కాదు, వాటిని తినే వేట పురుగుల ఉత్పత్తి కూడా పడిపోయింది. అదే వాగులో మాస్ అనే చిన్న పచ్చని మొక్కలు పరుచుకున్న బండల మీద బతికేవాటిలో మాత్రం పెద్ద మార్పు లేదు. ఈ చివరి వివరం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒకే వాగులో అడుగు తేడాతో రెండు రకాల బతుకులు ఉన్నాయనీ, అడవికి తగిలిన దెబ్బ రెండిటికీ ఒకేలా తగలదనీ అది చూపిస్తోంది.

ఏ ఆకు ఎంత కాలం నిలుస్తుంది

నీళ్లలో ఆకు కుళ్లడం రోజూ ఒకే బరువు తగ్గడంలా ఉండదు. మిగిలిన దాంట్లో రోజుకు ఇంత శాతం అన్నట్టు తగ్గుతుంది. వంద గ్రాముల ఎండుటాకులు రెండు రకాలవి తీసుకుందాం. మొదటిది తొందరగా కుళ్లే రకం, రోజుకు మిగిలిన దాంట్లో దాదాపు 1.5 శాతం పోతుంది. రెండోది దళసరి ఆకు, రోజుకు 0.4 శాతం. రెండు నెలలకు మొదటిది 41 గ్రాములు మిగులుతుంది, రెండోది 79. ఆరు నెలలకు మొదటిది 7 గ్రాములకు వచ్చేస్తుంది, రెండోది ఇంకా 49 గ్రాములుంటుంది.

ఒడ్డున రెండు రకాలూ ఉంటే పురుగులకు ఏడాదిలో ఎక్కువ కాలం తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకే జాతి ఉంటే కొన్నాళ్లు విందు, కొన్నాళ్లు పస్తు. వేర్లలో నత్రజనిని పట్టే ఆల్డర్ లాంటి చెట్ల ఆకులు త్వరగా మెత్తబడి తిండి అవుతాయి. యూకలిప్టస్ ఆకుల్లో నూనెలు, పాలీఫినాల్స్ అనే వగరు రసాయనాలు ఎక్కువ, పైగా గట్టి మైనపు పొర, కాబట్టి శిలీంధ్రాలు పట్టడమే ఆలస్యం. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో సహజమైన అడవిని తీసేసి యూకలిప్టస్ తోటలు వేసిన చోట వాగుల మీద చాలా అధ్యయనాలు జరిగాయి, ఆకులు చించే జట్టు తగ్గడం వాటిలో తరచుగా కనిపించింది. ఆ ఒడ్లన్నీ చెట్లున్న ఒడ్లే, నీడ కూడా ఉంది.

నీడ పోతే మారేవి

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు తీర కొండల్లో నీడిల్ బ్రాంచ్ అనే చిన్న వాగు ఉంది. దాని చుట్టూ ఉన్న అడవిని ఒడ్డు వరకు మొత్తం నరికేశాక ఏం జరిగిందో 1970లో బ్రౌన్, క్రైగియర్ ప్రచురించారు. ఏడాదిలో నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత అంతకుముందు సుమారు 14 డిగ్రీల సెల్సియస్, నరికిన ఏడాది తర్వాత సుమారు 29. పక్కనే ఉన్న ఇంకో వాగులో కూడా చెట్లు కొట్టారు, కానీ ఒడ్డు వెంట చెట్ల పట్టీలు వదిలారు. నరకడం వల్ల వచ్చిందని చెప్పదగ్గ మార్పు అక్కడ కనపడలేదు.

పురుగుకు ఈ 15 డిగ్రీల తేడా ఎలా తగులుతుందో లెక్క వేద్దాం. సముద్రమట్టం దగ్గర 14 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 10.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు, 29 డిగ్రీల నీళ్లు 7.7 మాత్రమే. అంటే పావు వంతు కోత. అదే సమయంలో చల్లని రక్తం జీవులకు ప్రతి 10 డిగ్రీలకు ఆక్సిజన్ అవసరం సుమారు రెట్టింపు అవుతుందన్న మోటు లెక్క వేసినా, 15 డిగ్రీలకు అవసరం రెండున్నర రెట్లు దాటుతుంది. సరఫరా పావు తగ్గి, ఖర్చు రెండున్నర రెట్లు పెరిగింది. చల్లని, గలగలా పారే నీటికి అలవాటు పడ్డ స్టోన్‌ఫ్లైలు ముందుగా మాయమయ్యేది అందుకే. ప్రాణం పోయేంత వేడి కాకపోయినా ఇబ్బందే. నీరు వెచ్చబడితే పెరుగుదల తొందరపడి, రెక్కలొచ్చే సమయం ముందుకు జరుగుతుంది, పెద్దవైన పురుగులు చిన్న సైజులోనే ఉండిపోవచ్చు. చిన్న ఆడపురుగు పెట్టే గుడ్లు కూడా తక్కువే.

ఇంకోవైపు ఎండ పడగానే రాళ్ల మీద పాచి పుంజుకుంటుంది. పాచి గీకేవాటికి, ఏడాదిలో చాలా తరాలు గడిపే మిడ్జ్‌లకు, బేటిస్ అనే చిన్న మేఫ్లైలకు ఇది మంచి కాలం. మొదట చెప్పిన తికమకకు మూలం ఇక్కడ ఉంది.

సంఖ్య పెరిగి రకాలు తగ్గడం: ఒక లెక్క

ఇవి నేను అర్థం కావడం కోసం వేసుకున్న అంకెలు, ఏ వాగువీ కావు. నీడ ఉన్న వాగులో ఒక వలకు 300 పురుగులు చిక్కాయనుకుందాం: స్టోన్‌ఫ్లైలు 60, రాళ్లకు అతుక్కునే బల్లపరుపు మేఫ్లైలు 60, బేటిస్ మేఫ్లైలు 40, గూడు కట్టే క్యాడిస్‌ఫ్లైలు 50, వల అల్లే క్యాడిస్‌ఫ్లైలు 30, మిడ్జ్‌లు 60. చెట్లు పోయిన వాగులో అదే వలకు 1000 చిక్కాయి: బేటిస్ 350, మిడ్జ్‌లు 450, బ్లాక్‌ఫ్లైలు అనే చిన్న నల్ల ఈగల పిల్లదశలు 150, వల అల్లే క్యాడిస్‌ఫ్లైలు 50.

మొత్తం సంఖ్య చూస్తే మూడు రెట్లకు పైగా పెరిగింది. వాగు ఆరోగ్యానికి గుర్తుగా చాలామంది మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై మూడిటినీ కలిపి లెక్కిస్తారు. ఆ మొత్తం కూడా 240 నుంచి 400కి పెరిగింది! శాతం చూస్తే మాత్రం 80 నుంచి 40కి పడింది. కుటుంబాలు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. బ్రిటన్‌లో 1980 ప్రాంతంలో వచ్చిన బీఎండబ్ల్యూపీ పద్ధతిలో ఒక్కో కుటుంబానికి దాని సున్నితత్వాన్ని బట్టి 1 నుంచి 10 వరకు మార్కులుంటాయి. పై జాబితాలోని స్టోన్‌ఫ్లై, బల్లపరుపు మేఫ్లై, గూడు కట్టే క్యాడిస్ ఒక్కోటి 10 మార్కుల కుటుంబాలవి అనుకుంటే, బేటిస్ కుటుంబానికి 4, వల క్యాడిస్‌కు 5, బ్లాక్‌ఫ్లైకి 5, మిడ్జ్‌కు 2. నీడ వాగు సగటు 41ని 6తో భాగిస్తే 6.8, ఎండ వాగు సగటు 16ని 4తో భాగిస్తే 4. సేంద్రియ కాలుష్యాన్ని పట్టుకోవడానికి బ్రిటన్ నదులను దృష్టిలో పెట్టుకుని తయారైన పద్ధతి ఇది, కాబట్టి వేరే చోట వాడేటప్పుడు మార్కులు సవరించుకుంటారు.

ఒకే లెక్క నుంచి ఇన్ని కథలు వచ్చాయి. మొత్తం సంఖ్య ఒక్కటే చెప్పి ఊరుకున్న నివేదికను నేను నమ్మలేను. ఉత్తర కాలిఫోర్నియా వాగుల మీద న్యూబోల్డ్, ఎర్మన్, రోబీ 1980లో ప్రచురించిన పనిలో సరిగ్గా ఇదే కనపడింది. ఒడ్డు పట్టీ వదలకుండా చెట్లు కొట్టిన చోట మిడ్జ్‌లు, బేటిస్ లాంటివి ఎక్కువయ్యాయి, వైవిధ్యం తగ్గింది. కనీసం 30 మీటర్ల పట్టీ వదిలిన చోట వాగులు నరకని వాగుల్లాగే ఉన్నాయి.

మట్టి, వేర్లు, కూలిన మానులు

వేర్లు ఒడ్డును పట్టుకుంటాయి. అవి పోతే సన్న మట్టి వాగులోకి దిగి రాళ్ల మధ్య సందుల్ని పూడ్చేస్తుంది. చాలా పురుగులు దాక్కునేది, గుడ్లు పెట్టేది, వరదొస్తే తలదాచుకునేది ఆ సందుల్లోనే. మొప్పల మీద మట్టి పేరుకుంటే ఊపిరీ కష్టమే. వాగులో అడ్డంగా పడ్డ మాను చెత్తలా కనిపిస్తుంది కానీ, ఆకుల్ని పట్టి నిలిపేది అదే. అది లేకపోతే రాలిన ఆకులు ఒక్క వానకు కొట్టుకుపోతాయి.

ఇక్కడ చాలామంది ఊహకు అందని విషయం ఒకటుంది. స్వీనీ, ఆయన సహచరులు తూర్పు అమెరికాలోని 16 వాగులు పరిశీలించి 2004లో చెప్పింది ఏమంటే, అడవి పోయి గడ్డి వచ్చిన చోట వాగు సన్నబడుతుంది. గడ్డి దుబ్బులు మట్టిని పట్టి ఒడ్లను లోపలికి జరుపుతాయి. అంటే చదరపు మీటరుకు ఎన్ని పురుగులు అని చెప్పినప్పుడు, వాగులో చదరపు మీటర్లే తగ్గాయన్న సంగతి ఆ అంకెలో కనపడదు.

శాస్త్రవేత్తలు ఏకాభిప్రాయానికి రాని చోట్లు

మొదటి వాదం: ఆకులా, పాచా? బేర్ బ్రూక్ లెక్క పరిమాణాన్ని చూపిస్తుంది. పురుగు ఒంటికి పట్టేది వేరు కావచ్చు. పాచిలో జంతువులు సొంతంగా తయారు చేసుకోలేని కొన్ని కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. హాంకాంగ్ వాగుల్లో లా, లెయుంగ్, డడ్జన్ 2009లో ఐసోటోపుల ద్వారా, అంటే ఒంట్లోని మూలకాల రూపాలను బట్టి తిండి ఎక్కడిదో తేల్చే పద్ధతిలో చూస్తే, నీడ ఉన్న వాగుల్లో సైతం చాలా జీవుల ఒంట్లో ఉన్నది ప్రధానంగా పాచి నుంచి వచ్చినదే. కోవీటా ఫలితాన్ని ఇది కొట్టేయదు, కానీ దాన్ని అన్ని వాగులకూ అంటించకూడదని చెబుతుంది. ఉష్ణమండలపు వాగుల్లో ఆకులు చించే కీటకాలు చాలాచోట్ల తక్కువ, ఆ పని కొంత పీతలు, రొయ్యలు చేస్తాయి, కొంత సూక్ష్మజీవులు చేస్తాయి.

రెండో వాదం: ఒడ్డు ముఖ్యమా, మొత్తం పరీవాహకం, అంటే వాగులోకి నీళ్లు జారే నేలంతా ముఖ్యమా? అమెరికాలోని దక్షిణ అపలాచియన్ కొండల వాగుల్లో ఇప్పుడున్న వైవిధ్యాన్ని 1990ల నాటి ఒడ్డు అడవి కంటే 1950ల్లో పరీవాహకంలో భూమిని ఎలా వాడారన్నదే బాగా చెప్పగలిగిందని హార్డింగ్ బృందం 1998లో చూపించింది. దశాబ్దాల కిందట దున్నిన పొలాల మట్టి ఇంకా వాగు అడుగునే ఉండిపోవచ్చు, పైన మళ్లీ అడవి వచ్చినా. నా మటుకు నాకు ఇవి ఒకదాన్నొకటి ఖండించే ఫలితాలుగా అనిపించవు. నీడ, ఆకులు, మాను దుంగలు ఒడ్డు చేతిలో ఉంటాయి. ఎరువుల నీరు, వరద జోరు, మట్టి మొత్తం పరీవాహకం చేతిలో ఉంటాయి. పై నుంచి కాలువ తవ్వి మురుగును నేరుగా వాగులోకి వదిలితే ఒడ్డున ఎంత మంచి అడవి ఉన్నా ఆ నీరు దాని గుండా వడకట్టుకుని రాదు కదా.

మూడోది వెడల్పు. స్వీనీ, న్యూబోల్డ్ 2014లో అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, చిన్న వాగులకు ఇరువైపులా కనీసం 30 మీటర్ల అడవి కావాలని తేల్చారు. నీడ ఒక్కటే అయితే అంతకంటే సన్నని పట్టీ కూడా చాలావరకు ఇవ్వగలదు, ఏటవాలు నేలలో మట్టిని ఆపాలంటే ఎక్కువ కావాలి. భూమి ఉన్నవాళ్లకు 30 మీటర్లు వదలడం చిన్న విషయం కాదు. సన్న పట్టీ అయినా వాగు పొడవునా తెగకుండా ఉంటే మేలని వాదించేవాళ్లున్నారు, అక్కడక్కడ వెడల్పాటి పట్టీ ఉండి మధ్యలో ఖాళీలుంటే నీరు మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి ఆ వాదనలో బలముంది.

ఇంకో మాట. సహజంగానే చెట్లు లేని పచ్చికబయళ్ల వాగులు, ఎడారి వాగులు ఉన్నాయి. అక్కడి జీవులు ఎండకు, పాచికి అలవాటు పడ్డవే. వాటి ఒడ్డున చెట్లు నాటడం బాగుచేయడం అనిపించుకోదు.

నీళ్ల పైన గడిచే ఆ కొద్ది రోజులు

రెక్కలొచ్చాక మేఫ్లై ఏమీ తినదు, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో బతుకుతుంది. నీటి నుంచి లేచిన మొదటి రూపం మీద ఇంకో పొర ఉంటుంది, దాన్ని విడవడానికి చాలా జాతులు ఆకుల చాటున ఆగుతాయి. స్టోన్‌ఫ్లైలు ఇంకొన్నాళ్లు ఎక్కువ బతుకుతాయి, కానీ ఎగరడంలో చాలా బలహీనం, ఎక్కువ భాగం ఒడ్డుకు దగ్గర్లోనే తిరుగుతాయి. ఎండిపోయే గాలి, దాక్కోవడానికి ఆకు లేకపోవడం, ఇవి నీటి నాణ్యత పరీక్షల్లో ఎక్కడా తేలవు. అడవికీ ఈ పురుగులు తిరిగి ఇస్తాయి. జపాన్‌లోని హొక్కయిడోలో హొరొనాయ్ అనే వాగు దగ్గర నకనో, మురకామి చేసిన పని 2001లో వచ్చింది. ఆ అడవి పక్షుల ఏడాది ఆహార శక్తిలో 25.6 శాతం వాగు నుంచి లేచిన పురుగులదే. వాగు చేపలకు అందే శక్తిలో 44 శాతం అడవి నుంచి నీళ్లలో పడ్డ పురుగులది.

మళ్లీ చెట్లు నాటితే పురుగులు తిరిగి వస్తాయా

న్యూజిలాండ్‌లో పార్కిన్ బృందం, నాటి 2 నుంచి 24 ఏళ్లయిన 9 ఒడ్డు పట్టీలను చూసి 2003లో ప్రచురించింది. నీరు తేటపడడం, ఒడ్డు నిలదొక్కుకోవడం త్వరగానే కనపడ్డాయి. పురుగుల్లో మాత్రం అడవి వాగుల జాతుల వైపు మార్పు పెద్దగా రాలేదు. వచ్చిన చోట అది నీరు చల్లబడడంతో ముడిపడి ఉంది, నీరు చల్లబడాలంటే కొమ్మలు వాగు మీద కలవాలి, పట్టీ తగినంత పొడవుండాలి. ఎగువన ఎండలో కాగి వచ్చిన నీరు వంద అడుగుల నీడలో చల్లబడిపోదు.

నీరు చల్లబడిన తర్వాత కూడా పురుగులు ఎక్కడి నుంచో రావాలి. ఎగువన మంచి వాగు మిగిలి ఉంటే పిల్లదశలు ప్రవాహంతో కొట్టుకొస్తాయి, అది అన్నిటికంటే తొందరగా జరిగే దారి. లేకపోతే రెక్కలున్నవి పక్క వాగు నుంచి ఎగిరి రావాలి, మధ్యలో చెట్లు లేని మైదానం ఉంటే స్టోన్‌ఫ్లై లాంటివి దాటడం కష్టం. మిడ్జ్‌లు, బేటిస్ లాంటివి ముందు చేరిపోతాయి, అందుకే నాటిన తొలి ఏళ్లలో చేసే లెక్కల్లో సంఖ్యలు బాగానే కనపడి, జాబితాలో మాత్రం చెట్లు లేనప్పటి రకాలే ఉంటాయి. పెద్ద మానులు కూలి వాగులో పడడానికైతే చెట్లు ముదిరేదాకా, అంటే దశాబ్దాలు పడుతుంది, ఈలోగా కొన్నిచోట్ల బయటి నుంచి దుంగలు తెచ్చి వాగులో వేస్తున్నారు.